గిజిగాడి గూళ్ల వీడియో: మబ్బు వచ్చిన ప్రతిసారీ వెలుగు ఎగిరిపడుతోంది

నాది నర్సంపేట దగ్గర పల్లె. పెళ్లి వీడియోలు తీస్తాను. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, కెమెరా బీరువాలోనే ఉంటుంది. ఈసారి దాన్ని మా బాయి కాడికి తీసుకెళ్తున్నా. నీళ్ల మీదికి వంగిన తుమ్మకు గిజిగాళ్లు పదకొండు గూళ్లు కట్టాయి. నాలుగు సగంలోనే ఉన్నాయి, కింద తెరిచి హెల్మెట్‌లా. మగపిట్ట ఆకు అంచు కొరికి పట్టుకుని ఎగిరిందంటే పొడుగాటి పీలిక చీలి వస్తుంది. ఆడపిట్ట వచ్చి సగం గూడు చూసి ఒప్పుకుంటేనే మగపిట్ట మిగతాది అల్లుతుంది. పెళ్లిచూపులే!

వెలుగును కెమెరాయే సర్దుకునే ఆటో మోడ్‌లో పెడితే, మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా వీడియోలో వెలుగు ఎగిరెగిరి పడుతోంది. గూళ్లన్నీ చెట్టుకు తూర్పు వైపే ఉన్నాయి. ఎదురుగా నిలబడితే పడమటి గాలికి జల్లు నేరుగా లెన్స్ మీదికే. మొన్నైతే ఏసీ కారులోంచి దిగగానే లెన్స్‌కు ఆవిరి పట్టింది. తువ్వాలతో తుడిచా, మళ్లీ పట్టింది. సరిగ్గా అప్పుడే ఆడపిట్ట గూట్లో దూరింది. క్లిప్ నిండా పాలపొరే. ఏం చేయాలన్నా?

హనుమకొండ నుంచి:
తమ్ముడూ, మండపంలో లైటు మన చేతిలో ఉంటుంది, ఇక్కడ ఉండదు. గూడు గాలికి ఊగితే వెనక తెల్లటి ఆకాశం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ కనబడుతుంది. ఆటో దానికే బెదురుతోంది. మాన్యువల్‌లో పెట్టి, గూడు మీద వెలుగు చూసుకో. రంగులు మారకుండా వైట్ బ్యాలెన్స్ కూడా 5600 కెల్విన్ దగ్గర ఆపెయ్. ఎండ కాస్తే ఎన్‌డీ ఫిల్టర్, అదే లెన్స్‌కు వెలుగు తగ్గించే అద్దం, తిప్పుకో. మబ్బు వచ్చి చీకటి పడితే పడనీ, అక్కడ నిజంగా చీకటే కదా. జల్లుకు లెన్స్ హుడ్ పెట్టి, ఉత్తరం పక్కకు జరుగు. గాలి అడ్డంగా పోతుంది. ఆ గూళ్లు వానగాలికి చాటుగానే తూర్పున కడతాయి.

ములుగు నుంచి:
ఆవిరి తుడిస్తే పోదు. చల్లటి అద్దానికి తేమగాలి తగిలితే పట్టేదే అది. ఏసీ ఆపి అద్దాలు దించుకుని వెళ్లు. దిగాక కూడా కెమెరాను అరగంట బ్యాగులోనే, జిప్ తీయకుండా ఉంచు. గొడుగు మాత్రం వద్దు. చినుకుల చప్పుడంతా మైకులోకే వస్తుంది. మా తాత గొంగడి కప్పుకుని కూర్చుంటా నేను, ముసురులో గంటసేపు కదలకపోయినా పర్వాలేదు, పిట్టలు కూడా పట్టించుకోవు. ఉరుము వినబడితే మటుకు చెట్టు కింద, బాయి ఒడ్డున ఉండకు. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకో, పిడుగుల హెచ్చరిక వస్తుంది.

అడిగినవాడినే:
గొంగడి పక్కింటి పెద్దయ్య ఇచ్చాడు. తడిశాక మోయడానికి ఇంకో మనిషి కావాలి! నిన్న పొద్దున ఉత్తరం పక్క నుంచి తీశా. వెలుగు ఒక్కసారీ ఎగరలేదు. ఆడపిట్ట వచ్చింది, తలకిందులుగా వేలాడి రెండు పోగులు లాగి చూసింది, వెళ్లిపోయింది. ఈరోజు మగపిట్ట పక్క కొమ్మకు కొత్త ముడి వేస్తోంది.