జీన్స్‌తో నదిలో ఈత, ఎవరైనా ట్రై చేశారా?

ఒడ్డున_ఉన్నవాడు:
స్విమ్మింగ్ ట్రంక్స్ వేసుకుని నలుగురిలో తిరగడం నాకు మొదటినుంచీ ఇబ్బందే. పూల్‌లో అయితే రూల్ కాబట్టి తప్పదు, కానీ చెరువులోనో నదిలోనో దిగేటప్పుడు ఏం వేసుకున్నావని అడిగేవాళ్లు ఉండరు కదా, మామూలు జీన్స్‌తోనే దిగిపోదామని ఉంది. ఎండకి కాళ్లు కమిలిపోవు, రాళ్లకి మోకాళ్లు చెక్కుకుపోవు. ఇంట్లో చెబితే మాత్రం "జీన్స్ నీళ్లు పీల్చుకుని నిన్ను అడుక్కి లాగేస్తుంది" అని భయపెడుతున్నారు. నిజంగా లాగేస్తుందా? ఈత నాకు బాగానే వచ్చు, ఆగకుండా అరగంట కొడతాను, కాకపోతే ఎప్పుడూ ట్రంక్స్‌లోనే. తెలిసినవాళ్లు చెప్పండి, నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి పర్లేదు.

నీటిపిల్లి:
నవ్వడం ఎందుకండీ, నేను చాలాసార్లు దిగాను. మీ ఇంట్లోవాళ్లు చెప్పింది సగం తప్పు, సగం కరెక్టు. బట్ట పీల్చుకున్న నీళ్లకి నీళ్లలో బరువుండదు, చుట్టూ ఉన్నది కూడా నీళ్లే కదా. ఇక మిగిలింది నూలు బరువు. నూలు నీటికంటే సుమారు ఒకటిన్నర రెట్లు సాంద్రం, కాబట్టి 700 గ్రాముల ప్యాంటు నీళ్లలో 230 గ్రాముల పైచిలుకు మాత్రమే బరువనిపిస్తుంది. దానికి ఎవరూ మునిగిపోరు.

అసలు గొడవ బరువు కాదు, కాళ్లు ఆడకపోవడం. తడిసిన డెనిమ్ (జీన్స్ బట్ట) తొడకి, మోకాలికి అట్టలా అతుక్కుంటుంది, కాలు మడిచిన ప్రతిసారీ బట్ట అడ్డం పడుతుంది. కప్ప ఈతలో ఇది మరీ నరకం. కాళ్లు నిటారుగా ఉంచి తన్నే ఈత అయితే కొంచెం నయం, కానీ అక్కడా ప్యాంటు అంచులు నీళ్లని పట్టుకుని వెనక్కి గుంజుతుంటాయి. ట్రంక్స్‌తో అరగంట కొట్టే మీరు జీన్స్‌తో పది నిమిషాలకే రొప్పుతారు. అందుకే ట్రంక్స్ లెక్కలు వేసుకుని అవతలి ఒడ్డుకి బయల్దేరొద్దు, ఒడ్డు పక్కనే దానికి సమాంతరంగా కొట్టండి.

ఇంకోటి, పైకి ఎక్కేటప్పుడు. మా ప్యాంటు పొడిగా 700 గ్రాములు, నీళ్లు కారడం ఆగాక తూచితే దాదాపు 2 కిలోలు ఉంది, నీళ్లలోంచి లేచిన క్షణంలో ఇంకా ఎక్కువే. అప్పటికే అలిసిపోయి ఉంటారు, గట్టు నిటారుగా ఉంటే చేతులతో ఒళ్లు పైకి లాక్కోవడం కష్టం. దిగేముందే ఎక్కడ ఎక్కుతారో చూసుకోండి.

నూలుపోగు:
బట్టల లైన్‌లో పనిచేస్తాను, నా రెండు మాటలు. డెనిమ్‌లో నీలంగా ఉండేది నిలువు పోగు, అడ్డపోగు తెల్లగానే ఉంటుంది. ఆ నీలం కూడా నూలు లోపలిదాకా ఇంకదు, పైపైన పట్టుకుని ఉంటుంది, అందుకే కొత్త జీన్స్‌తో దిగితే తొడలు నీలంగా అయిపోతాయి. నాలుగైదుసార్లు ఉతికిన పాతదే వాడండి. పూల్‌లోని క్లోరిన్ నీళ్లు ఆ నీలం రంగుని (ఇండిగోని) వెలిసిపోయేలా చేస్తాయి, స్ట్రెచ్ జీన్స్ అయితే అందులోని సాగే దారం కూడా దెబ్బతింటుంది. సముద్రంలో దిగితే ఇంటికొచ్చాక మంచినీళ్లలో జాడించండి, లేకపోతే ఉప్పుకి జిప్పు పట్టేస్తుంది. ఇంకో సంగతి, మామూలు నూలు తడిస్తే బలహీనపడదు, పొడిగా ఉన్నప్పటికంటే గట్టిపడుతుంది, కాబట్టి నీళ్లలో చిరుగుతుందని భయం అక్కర్లేదు. చిరిగేది మీ చర్మమే, తొడల మధ్య కుట్లన్నీ కలిసే చోట మందంగా ఉంటుందే, అక్కడ ఒరుసుకుని కందిపోతుంది. లోపల బిగుతుగా ఉండే షార్ట్ వేసుకోండి.

వెల్లకిల_ఈత:
ట్రంక్స్ అంటే సిగ్గని జీన్స్‌తో దిగుతారా 😄 మోకాళ్లదాకా వచ్చే స్విమ్ షార్ట్స్, ఒంటినిండా ఉండే ఈత బట్టలు కూడా ఉంటాయి బ్రో, ఎందుకీ తంటా?

గజఈత:
పై కామెంట్ కరెక్టే, కానీ జీన్స్‌తో ఒకసారైనా ఈదిచూడటం మంచిదే. పడవ బోల్తాపడ్డప్పుడు, కాలుజారి కాలువలో పడ్డప్పుడు ఎవరూ ట్రంక్స్‌లో ఉండరు. నెదర్లాండ్స్‌లో పిల్లలు ఈత డిప్లొమా కోసం బట్టలు, షూస్‌తో ఈది చూపించాలి, జపాన్‌లో చాలా స్కూళ్లలో బట్టలతో ఈత నేర్పుతారు.

నేను ఈత నేర్పేటప్పుడు ప్యాంటుతోనే తేలడం చూపిస్తాను. నీళ్లలో ప్యాంటు విప్పి, రెండు కాళ్ల చివరలూ కలిపి గట్టిగా ముడేసి, జిప్పు పైకి లాగి, నడుము భాగాన్ని తెరిచి పట్టుకుని తల మీదుగా వెనకనుంచి ముందుకి విసిరి నీళ్లలో అదమాలి. గాలి కాళ్లలోకి వెళ్లి రెండు బుడగల్లా ఉబ్బుతుంది, మధ్యలో మెడ పెట్టి నడుము పట్టీని నీళ్ల కింద బిగించి పట్టుకుంటే తేలుతూ ఉండొచ్చు. తడిసిన దట్టమైన నేత గాలిని కాసేపు ఆపుతుంది, ఆరకుండా పైన నీళ్లు చల్లుతుండాలి, గాలి తగ్గితే మళ్లీ నింపాలి. చదివితే ఈజీగానే ఉంటుంది, మొదటిసారి మాత్రం అందరూ ముక్కునిండా నీళ్లు తాగుతారు. నిలబడగలిగే లోతులో, పక్కన మనిషిని పెట్టుకుని చేయండి. నీళ్లు చల్లగా ఉంటే అసలు వద్దు. బయటికొచ్చాక కూడా తడి జీన్స్‌తో గాల్లో కూర్చోకండి, అది ఆరే కొద్దీ ఒంట్లో వేడి లాగేస్తుంది.

ఒడ్డున_ఉన్నవాడు:
అందరికీ థాంక్స్. నిన్న ఫ్రెండ్‌ని గట్టు మీద కూర్చోబెట్టి పాత జీన్స్‌తో దిగాను, ఛాతీ లోతులోనే. నీటిపిల్లి గారు పది నిమిషాలన్నారు, నేను ఎనిమిదికే ఆపేశాను. కిందకి లాగలేదు కానీ ఎవరో మోకాళ్లు పట్టుకున్నట్టే ఉంది.

గజఈత గారూ, మీరు చెప్పిన బుడగ దాకా నేను చేరనేలేదు. తడికి బటన్ రంధ్రం బిగుసుకుపోయింది, వేళ్లు నానిపోయి ముడతలు పడ్డాయి, బటన్ ఊడదీయడానికే ఎంతసేపో పట్టింది. అదయ్యాక ప్యాంటు మోకాలి దగ్గర తిరగబడి ఇరుక్కుంటే ఒంటికాలి మీద గెంతుతూ లాక్కున్నాను, ఫ్రెండ్ అది వీడియో కూడా తీశాడు. కాలు అందని లోతులో ఇదే జరిగితే ఏంటని ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది. వచ్చేవారం వదులు ప్యాంటుతో మళ్లీ ట్రై చేస్తా, బటన్ బదులు నడుముకి నాడా ఉన్నది.