అప్‌డేట్: లేచి నిలబడగానే నాయన కుడిచేయి ఊగడం, కారణం దొరికింది

కూర్చున్నచోటు నుంచి లేవగానే నాయన కుడిచేయి ఒకటి రెండు నిమిషాలు అదుపు లేకుండా ఊగుతోందని సంక్రాంతికి ముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ‘పడుకుంటే ఆగుతుందా? అయితే మెడకు డాప్లర్ (రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీయించండి’ అన్నవారి సలహానే దారి చూపింది.

తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ డాక్టరుకు చూపించాం. మెడలో ఎడమవైపు కెరోటిడ్ ధమని (మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం) బాగా పూడుకుపోయింది. కుడిచేతిని నడిపేది మెదడులో ఎడమవైపే కదా, నిలబడినప్పుడు ఆ వైపుకు రక్తం చాలక కుడిచేయి ఊగుతోందట. ఇది ఫిట్స్ కాదు, పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక! అందుకే ఈఈజీ (ఫిట్స్ ఉన్నాయేమోనని మెదడుకు చేసే పరీక్ష) నార్మల్‌గా వచ్చింది, ఫిట్స్ మాత్రలు పనిచేయలేదు. పార్కిన్సన్స్ (చేతులు వణికే నరాల జబ్బు) ఏమోనని పడ్డ టెన్షన్‌కూ దీనికీ సంబంధమే లేదు.

ఆపరేషన్ చేసి పూడిక తీశారు. బీపీ మరీ తగ్గినా ఇది ఎక్కువవుతుందట, బీపీ మాత్రలు సొంతంగా పెంచకండి. ఆరు వారాలైంది, చేయి మళ్లీ ఊగలేదు. కాఫీ గ్లాసు నాయనే పట్టుకుని తాగుతున్నాడు.