ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేసి తిరుపతికి తిరిగి రావచ్చా?

అలిపిరి_ఆర్కిటెక్ట్:
బీఆర్క్ ముగించి మూడేళ్లుగా తిరుపతిలో ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. ఈసారి గేట్ స్కోరుతో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో (పార్కులు, ఆరుబయలు స్థలాల రూపకల్పన) రెండేళ్ల పీజీకి సీటు వచ్చేలా ఉంది. చదివి వచ్చాక ఈ ఊళ్లో ఆ పని ఎవరిస్తారని నాన్నగారు అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు. ఫీజులు, ఉద్యోగాలు, తిరిగి ఊరికి రావడం గురించి అనుభవం ఉన్నవారు చెప్పగలరు. మొన్న రేణిగుంట వైపు ఒక లేఅవుట్‌కు మా ఆఫీసు ఇచ్చిన మొక్కల జాబితాలో కోనోకార్పస్ ఉంది. వద్దనాలనిపించింది కానీ, ఎందుకు వద్దో వివరించేంత చదువు నాకు లేదు.

చంద్రగిరి_నర్సరీ:
ఇరవై రెండేళ్లుగా నర్సరీ నడుపుతున్నాను. కోనోకార్పస్ పేరెత్తితే చాలు, అమ్మినవాడిని దోషిలా చూస్తున్నారు. మే నెలలో రెండు వారాలు ట్యాంకరు రాకపోయినా పచ్చగా నిలిచే మొక్క ఇంకొకటి చూపించండి. పెద్ద చదువులు చదివినవారు కాగితం మీద పన్నెండడుగుల చెట్టు గీసి, నేల మీద అడుగున్నర గుంట తీయిస్తారు. మొక్క చచ్చిపోతే మాట పడేది మేము.

కోడూరు_ఉద్యానం:
గుంట విషయంలో మీ మాటే నా మాట. కోనోకార్పస్ విషయంలో మాత్రం కాదు. దానిని నాటడాన్ని గుజరాత్ 2023లో నిషేధించింది, 2025లో మన పక్కనున్న తమిళనాడు కూడా అదే చేసింది. దాని వేళ్లు కాలువల్లోకి, పైపుల్లోకి చొరబడతాయి. కానుగ, వేప, నేరేడు మొక్కలను మొదటి రెండు వేసవులు కాపాడితే ఆ తర్వాత వాటంతటవే నిలుస్తాయి. మరొక మనవి: ఉద్యానశాస్త్రంలో బీఎస్సీ చేసిన మేము చదివే ఎమ్మెస్సీ వేరు, ఇక్కడ అడుగుతున్న పీజీ వేరు.

చంద్రగిరి_నర్సరీ:
ఆ రెండు వేసవుల నీళ్లకు డబ్బు ఎవరు కడతారో కూడా రాయండి. నా దగ్గర నాలుగు వందల కానుగ మొక్కలు అడిగేవారు లేక, సంచుల్లోనే వేళ్లు చుట్టుకుపోయాయి.

చిత్తూరు_సివిల్:
ముప్పై ఏళ్లలో నేను వేసిన లేఅవుట్లు ఈ జిల్లాలో చాలామందికి తెలుసు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టంలోని 37వ సెక్షన్ ఆర్కిటెక్ట్ అనే పేరును మాత్రమే కాపాడుతుందని, ఆ పని ఇతరులు చేయకూడదని అనడం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అలాంటప్పుడు పార్కు వేయడానికి రెండేళ్ల చదువు దేనికి?

మొరవ_కింద:
సివిల్ గారూ, తీర్పు మీరు చెప్పినట్టే ఉంది. 2021 నవంబరు వానల్లో నేను చూసిన ఒక లేఅవుట్‌లో రోడ్ల వాలు కూడా లెక్క ప్రకారమే ఉంది. అయినా నీళ్లు నిలిచాయి, ఎందుకంటే పై చెరువు మొరవ (చెరువు నిండాక మిగులు నీరు పొర్లే చోటు) నుంచి దిగివచ్చే వంకను పూడ్చి దాని మీద పార్కు కట్టారు. నీళ్లు తీశాక ప్రహరీ గోడ మీద మిగిలిన ఎర్రమట్టి గీతను టేపు పెట్టి కొలిచాను. ఒక చివర నేల నుంచి పద్దెనిమిది అంగుళాలు, మరో చివర ఆరు. నిలిచిన నీటి గీత సమంగా ఉంటుంది గనుక, ఆ పన్నెండు అంగుళాల తేడాయే వంక పాత వాలు. పీజీ రెండో సెమిస్టరులో అర మీటరు కాంటూరులతో (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) మేము నేర్చుకున్నది ఇదే: స్థలం హద్దులు పక్కన పెట్టి, శేషాచలం వాలు నుంచి స్వర్ణముఖి దాకా నీరు ఎటు నడుస్తుందో గీయడం. మొక్కల జాబితా అన్నింటికన్నా చివర వచ్చే కాగితం.

గేట్ స్కోరుతో చేరినందున నాకు నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం వచ్చింది. మూడేళ్లు బెంగళూరులో పనిచేసి తిరిగి వచ్చాను. తిరుపతి పనితోనే ఏడాదంతా గడవదు. నా రాబడిలో సగం ఇప్పటికీ బెంగళూరు, చెన్నై ఆఫీసుల నుంచే వస్తుంది. ఈ సంగతి మీ నాన్నగారికి దాచకుండా చెప్పండి.

చిత్తూరు_సివిల్:
మొరవ అంటే ఏమిటో నాకు నేర్పనవసరం లేదు. వంకలు పూడ్చింది ఇంజనీర్లు కాదు, స్థలం కొన్నవారు.

మొరవ_కింద:
ఆ ప్లాను మీద సంతకం పెట్టింది ఇంజనీరే, సార్. నేను చూశాను.

మదనపల్లె_డల్లాస్:
అమెరికాలో ఈ కోర్సును 2023లో స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుల జాబితాలో చేర్చారు కాబట్టి, చదువు తర్వాత మూడేళ్ల వరకు పనిచేసే అవకాశం ఉంది. మీరు అడగకపోయినా చెబుతున్నాను.

అలిపిరి_ఆర్కిటెక్ట్:
ఫీజు సంగతి ఎవరూ రాయలేదు, అది నేనే కనుక్కుంటాను. మొరవ_కింద గారూ, ఆ గోడ మీద గీత ఇంకా ఉందా? ఆదివారం నాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చి చూడాలనుకుంటున్నాను. నర్సరీ గారూ, ఆ కానుగ మొక్కల్లో వేళ్లు కత్తిరించి నాటితే బతికేవి ఎన్ని ఉంటాయి?