నౌపడ ఉప్పు తిన్న పికప్: షాకబ్జర్ బ్రాకెట్ ఊడేలా ఉంది, ఏం చేయాలి?

టెక్కలి పికప్:
అన్నలూ, పదిహేనేళ్ల పాత బొలెరో పికప్, నౌపడ ఉప్పు మడుల నుంచి బస్తాలు తోలుతుంటాను. గుంటలో పడినప్పుడల్లా వెనక ఎడమవైపు టకటకమంటోంది, షాకబ్జర్ కొసలో ఉండే రబ్బరు బుష్ పోయిందేమో అనుకుని కిందకి దూరి చూస్తే, షాకబ్జర్ పైకొసని ఛాసిస్‌కి, అంటే బండి కింది ఇనుప చట్రానికి, పట్టి ఉంచే బ్రాకెట్ గోరుతో గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. బోల్టూ నట్టూ ఒకటే ముద్దైపోయాయి. ఊళ్లో వెల్డరు పాతదాని మీదే రేకు వేసి అతికేస్తాను, గంట పని అంటున్నాడు. నమ్మొచ్చా?

పలాస వెల్డింగ్:
వద్దు తమ్ముడూ. తుప్పు మీద వెల్డింగ్ పట్టదు, పైకి పూస బాగానే కనిపిస్తుంది, లోడు మీద ఏ గుంటలోనో ఊడి చేతిలోకొస్తుంది. ముందు చిన్న సుత్తితో బ్రాకెట్ చుట్టూ జానెడు మేర ఛాసిస్‌ని తట్టి చూడు. ఖంగుమంటే ఇనుము ఉన్నట్టు, బద్‌మంటే లోపల తినేసినట్టు. ఛాసిస్ గట్టిగా ఉంటేనే మిగతా మాట. పాత బ్రాకెట్ పూర్తిగా కోసేసి, మెరిసే ఇనుము తేలేదాకా గ్రైండర్ పట్టి అప్పుడు కొత్తది అతకాలి. కోసే ముందే బోల్టు రంధ్రం ఎక్కడుందో కొలిచి ఛాసిస్ మీద పంచ్ గుర్తు కొట్టుకో, అది కాస్త జరిగినా షాకబ్జర్ వంకరగా నిలబడి కొత్త బుష్‌ని నమిలేస్తుంది. ఇంకోటి, బోల్టు రాలేదని షాకబ్జర్ ఉండగానే గ్యాస్ మంట పెట్టనివ్వకు, లోపల ఆయిల్ ఉంటుంది, పేలొచ్చు. బోల్టుని కోసెయ్, పోయేది ఓ బోల్టే కదా.

విజయనగరం డీజిల్:
బ్యాటరీ మైనస్ తీయకుండా వెల్డింగ్ చేయించి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కాల్చుకున్నవాణ్ణి, నా మాట వినండి. వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లాంపు కూడా పని జరిగే చోటికి దగ్గరగానే పెట్టించండి. పక్కనుంచి పోయే బ్రేకు పైపు మీద తడి గోనె కప్పండి, నీళ్ల బకెట్ దగ్గరుండాలి.

టెక్కలి పికప్:
తట్టాను అన్నా. ఛాసిస్ పక్క గోడ ఖంగుమంది గానీ కింది అంచులో సుత్తి దిగబడింది, రూపాయి బిళ్లంత చిల్లు.

పలాస వెల్డింగ్:
అయితే ఇది బ్రాకెట్ పని కాదు, ఛాసిస్ పని. ఊరి వెల్డరుతో వద్దు, లారీ ఛాసిస్‌లు చేసే షెడ్డుకి తీసుకెళ్లు. అంతవరకు లోడు వేయకు. పనయ్యాక తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూత, దాని మీద పెయింటు. షాకబ్జర్ బోల్టు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు ఇవ్వమను, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగిపోతుంది. ఉప్పు దించిన రోజున కింద నీళ్లు కొట్టడం అలవాటు చేసుకో, బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి వద్దు, చెరువు నీళ్లు.

టెక్కలి పికప్:
సరే అన్నా, సోమవారం షెడ్డుకి తోలుతున్నాను. సేటు అప్పుడే రెండు ఫోన్లు చేశాడు, బస్తాలు వానకి కరిగిపోతాయట.