ఇసుక గొట్టాల పురుగు: గాజు పూసల గొట్టం ఎందుకు ఊడిపోతోంది?

ఇసుక రేణువులను తన జిగురుతో అతికించి గొట్టం కట్టుకుని అందులో ఉండే కాలిఫోర్నియా తీరపు ఫ్రాగ్మటోపోమా కాలిఫోర్నికా పురుగులను ట్యాంకులో పెంచుతున్నవాళ్ళు కాస్త చెప్పండి. గొట్టం ముందు భాగం తుంచి, ఇసుకకు బదులు 0.5 మి.మీ. గాజు పూసలు ఇచ్చాం. పురుగు ఒక్కో పూసనూ తిప్పి చూసి, జిగురు చుక్క పెట్టి అంచున అతికిస్తోంది. అతుకు అర నిమిషంలో పట్టుకుంటోంది కూడా. కానీ మర్నాడు పిపెట్‌తో నీళ్ళు చిమ్మితే వరుసంతా రాలిపోతోంది. పాత ఇసుక గొట్టం మాత్రం చెక్కుచెదరలేదు, కాబట్టి తప్పు కొత్త జిగురులోనో, పూసల్లోనో ఉండాలి.

ఆ జిగురు గ్రంథిలో ఆమ్లంగా (పీహెచ్ సుమారు 5) ఉండి, సముద్రపు నీటి 8.2 తగలగానే గడ్డకడుతుంది. తోలులా గట్టిపడటానికి మరికొన్ని గంటలు కావాలి. కాల్షియం, మెగ్నీషియం కూడా అందులో భాగమే. మాది ఉప్పు పొడి కలిపిన కృత్రిమ నీరు: లవణీయత వెయ్యికి 35 వంతులు, ఉష్ణోగ్రత 16 డిగ్రీలు, కాల్షియం లీటరుకు 400 మి.గ్రా., మెగ్నీషియం 1,050 (అసలు సముద్రంలో దాదాపు 1,280). రాత్రిపూట పీహెచ్ 7.7కి దిగుతోంది.

ముందు ఏది సరిచేయాలి, పీహెచ్‌నా, మెగ్నీషియాన్నా? రెండూ ఒకేసారి మారిస్తే కారణం తేలదు. పూసలను ముందుగా ఆమ్లంతో కడగాలా? పూసల బదులు కోడిగుడ్డు పెంకు ముక్కలు వాడితే అతుకు తేడాగా ఉంటుందా?