మూసి ఉంచే ఊరి ఇంటికి మూణ్ణెల్లకోసారి మందు కొట్టించాలా, వద్దా?

పెంకుటిల్లు:
మాది అమలాపురం దగ్గర పల్లెలో తాతగారి నాటి పెంకుటిల్లు. అన్నయ్యా నేనూ హైదరాబాద్‌లో ఉంటాం. సంక్రాంతికి, వేసవి సెలవులకు, మధ్యలో ఒకటి రెండుసార్లు తప్ప ఇల్లు తాళం వేసే ఉంటుంది. మొన్న దసరాకి వెళ్తే తలుపు తీయగానే బొద్దింకల వాసన. స్నానాల గదిలో జెర్రి, పడకగది గుమ్మానికి చెదల మట్టి. రెండో రోజు రాత్రి అన్నయ్య కూతురు చెప్పులో కాలు పెట్టగానే తేలు కుట్టింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకుని పంపించారు, ఇప్పుడు బాగానే ఉంది. ఆ రాత్రి టెన్షన్ మాత్రం మా ఇంట్లో ఎవరికీ ఇంకా తగ్గలేదు.

మూణ్ణెల్లకోసారి ఇల్లంతా స్ప్రే చేయించే కాంట్రాక్టుకు అన్నయ్య సిద్ధమయ్యాడు. అమ్మ ఒప్పుకోవడం లేదు. "ఆ మందు మీద కూర్చుని మనవలు అన్నం తినాలా?" అంటుంది. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోస్తోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రొయ్యల రైతు:
వద్దండి. అమ్మగారి మాట వినండి. నేను మీ వైపు ఊళ్ళోనే ఉంటాను. మీరు గచ్చు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? పెరటి బోదెలోకి, అక్కణ్ణుంచి కాలువలోకి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు మనుషులకు అంత ప్రమాదం కాదని చెప్పి కొడతారు. చేపకీ రొయ్యకీ మాత్రం అవి చాలా కొద్దిగా కలిసినా విషమే. పురుగుకీ రొయ్యకీ ఒంట్లో దగ్గర చుట్టరికం ఉంది. ఆ కాలువ నీళ్ళే మేం చెరువుకు తోడుకుంటాం.

ఇంకో సంగతి. మీ గోడకు ఆనించి కొబ్బరి డొక్కలు పోగేసి ఉంటాయి, చూడండి. తాళం వేసిన ఇల్లు కదా అని ఇరుగుపొరుగు వాళ్ళం తెచ్చి పడేస్తాం. అది మా తప్పే, ఒప్పుకుంటున్నాను. ఆ డొక్కల కింద తడి ఉంటుంది, తడికి బొద్దింకలు చేరతాయి, బొద్దింకల కోసం తేళ్ళూ జెర్రులూ వస్తాయి. ఆ పోగు తీయకుండా లోపల ఎంత కొట్టినా బయటి నుంచి వస్తూనే ఉంటాయి.

మోయినాబాద్ తోట:
రైతు గారూ, మీ బాధ నిజమే. కానీ రోజూ ఊడ్చి, తలుపులు తీసే మనిషి ఉన్న ఇల్లు వేరు, శనివారం సాయంత్రం వెళ్ళి ఆదివారం వచ్చేసే ఇల్లు వేరు. నేను రెండేళ్ళు వేపనూనె, కర్పూరం, పసుపు అన్నీ వాడాను. పైకి బాగానే కనిపించిన టేకు తలుపు చట్రంలోకి ఒకరోజు వేలు దిగిపోయింది. లోపలంతా చెదలు. మా అత్తగారి పట్టుచీరలున్న పెట్టె అడుగు కూడా పోయింది. పెంకుటిల్లు గారూ, మీ ఇంట్లో పిల్లకే జరిగాక ఇంకా ఆలోచిస్తారా? కొట్టించండి.

పెస్ట్ కంట్రోల్ పని:
పద్నాలుగేళ్ళుగా ఇదే నా పని. అయినా ఈ కాంట్రాక్టు వద్దనే చెప్తాను. చెదలకూ బొద్దింకలకూ తేళ్ళకూ ఒకే స్ప్రే పనిచేయదు.

బొద్దింకలకు జెల్ చాలు. సింకు కింద, గ్యాస్ బండ వెనక, అలమర కీళ్ళ దగ్గర చుక్కలు పెడితే సరి, ఇల్లంతా తడపక్కర్లేదు. పగలంతా పగుళ్ళలో దూరి ఉండే తేలుకు గచ్చు మీద కొట్టిన మందు పెద్దగా ఎక్కదు. గోడ పగుళ్ళు పూడ్చి, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయండి. నోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొనండి. చీకట్లో వేస్తే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. పడుకునే ముందు గదులూ మంచాల కిందా చూసుకోవచ్చు.

చెదలకు మాత్రం మందు తప్పదు. గోడా గచ్చూ కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు పోసి మూసేస్తాం. సరిగ్గా చేస్తే కొన్నేళ్ళు నిలుస్తుంది. మూణ్ణెల్లకోసారి చేసేది కాదు.

దయచేసి రెండు పనులు చేయకండి. కొట్లో డైక్లోర్‌వాస్ అనే పాత పురుగుమందు సీసా ఇస్తే తీసుకోవద్దు, దేశంలో దాన్ని 2020 చివరితో నిషేధించారు. ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు అటక మీద పెట్టి తాళం వేయొద్దు. తేమ తగిలితే ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది, దానికి విరుగుడు లేదు.

స్టాఫ్ నర్సు:
ఒక్క మాట. పెద్ద నల్ల మండ్రగబ్బను చూసి జడుసుకుంటాం గానీ, ఎక్కువ ప్రమాదం చిన్న ఎర్ర తేలుతోనే. పిల్లలకు చెమటలు పట్టి, వాంతులై, చేతులు కాళ్ళు చల్లబడితే విషం గుండె మీద పనిచేస్తోందని అర్థం. మంత్రాలతో, కోసి రక్తం తీయడాలతో ఒక్క నిమిషం పోనివ్వకండి. ప్రజోసిన్ మాత్ర ఇస్తారు, అది డాక్టరు చూసే ఇవ్వాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్ ఆ వైద్యం చేసి చూపించాక ఎన్నో ప్రాణాలు నిలిచాయి. మందు కొట్టించినా కొట్టించకపోయినా, ఊరెళ్ళేముందు దగ్గర్లో రాత్రిపూట డాక్టరు ఉండే ఆసుపత్రి ఏదో కనుక్కోండి.

రొయ్యల రైతు:
పెస్ట్ కంట్రోల్ గారూ, మిగతావన్నీ ఒప్పుకుంటాను, ఆ రంధ్రాలు తప్ప. కోనసీమలో నాలుగు బారలు తవ్వకుండానే నీళ్ళు పడతాయి. పెంకుటిల్లు గారింట్లో నుయ్యి వంటింటి గోడ పక్కనే ఉంటే, ఆ మందు నూతిలోకి దిగదని మీరు మాటివ్వగలరా?

పెస్ట్ కంట్రోల్ పని:
ఇవ్వలేను. నుయ్యి ఉన్న వైపు రంధ్రాలు వేయకూడదు. అటువైపు చెక్కకు మాత్రమే మందు పూసి, చెదల దారి కనిపించినప్పుడల్లా గీకి చూసుకోవాలి. అలాంటి చోట రంధ్రాలు వేస్తామనే వాళ్ళకు పని ఇవ్వకండి.

పెంకుటిల్లు:
అందరికీ కృతజ్ఞతలు. మా నుయ్యి సరిగ్గా వంటింటి పక్కనే ఉంది. ఊరెళ్ళినప్పుడు ఇప్పటికీ అమ్మ ఆ నీళ్ళే తాగుతుంది. డొక్కల పోగు కూడా ఉంది, దక్షిణం గోడకు నడుమెత్తు. రాత్రి అన్నయ్యకు ఇవన్నీ చదివి వినిపించాను. కాంట్రాక్టు మానుకున్నాడు. పడకగది గుమ్మాలకు, నూతికి దూరంగా ఉన్న వీధి వైపు గోడకు మాత్రం చెదల మందు వేయిస్తాం. పదిహేను రోజులకోసారి తలుపులు తీసి, ఊడ్చి, చుట్టూ చూడ్డానికి పాలేరు కొడుకుని అడిగాం, నెలకింత అని ఇస్తాం.

మోయినాబాద్ తోట:
ఆ అబ్బాయి రెండు నెలలు రాకపోతే? అప్పుడేం చేస్తారో ఇప్పుడే అనుకోండి. మా ఇంట్లో జరిగింది అదే.

రొయ్యల రైతు:
ఊరి పేరు చెప్పండి, పెంకుటిల్లు గారూ. దగ్గరైతే ఆ డొక్కలు ఈ ఆదివారమే నా బండి మీద ఎత్తించేస్తాను.