కింగ్స్ క్వెస్ట్ మొదటి భాగంలో రాత్రి పడేలా చేయడం ఎలా?

వశిష్ఠ_ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది సఖినేటిపల్లి దగ్గర ఒక పల్లెటూరు. 1984లో సియెర్రా సంస్థ విడుదల చేసిన కంప్యూటర్ ఆట కింగ్స్ క్వెస్ట్‌ను చిన్నప్పుడు మా మేనమామ గారింట్లో ఆడాను. ఇప్పుడు నేను కొనుక్కున్న ప్రతిలో పగలూ రాత్రీ మారేలా చేయాలని రెండు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. ఆట జరిగే డావెంట్రీ రాజ్యంలో ఆరుబయటి తెరలు 48 ఉన్నాయి. వాటిలో ఎంతసేపు తిరిగినా పొద్దు వాలదన్న సంగతి నన్ను చిన్నప్పటి నుంచీ వెంటాడుతోంది.

ఆట నియమాలు రాసి ఉండే ముఖ్య ఫైలు లాజిక్ 0 ఇంజిన్ తిరిగే ప్రతి చక్రంలోనూ నడుస్తుంది కాబట్టి అందులో ఒక లెక్క పెట్టి, లెక్క పూర్తవగానే పగటి చిత్రం మీద, ఉన్నదాని పైనే మరో చిత్రం గీసే ఓవర్‌లే ఆదేశంతో నలుపు నింపాలని చూశాను. గీతలు పడ్డాయి గాని రంగు నిండలేదు. పైగా ఆటగాడు వేగం పెంచుకుంటే పొద్దు కూడా అంత వేగంగానూ వాలిపోతోంది. ఈ రెండింటికీ దారి చూపగలరా?

పంటు_రేవు:
రంగు నిండకపోవడం మీ పొరపాటు కాదండి. ఈ ఆటను నడిపే ఏజీఐ ఇంజిన్‌లో చిత్రం అంటే చుక్కలతో పేర్చిన బొమ్మ కాదు, ఒకదాని తర్వాత ఒకటి అమలయ్యే గీతల ఆదేశాల వరుస. రంగు నింపే ఆదేశం తెల్లగా ఉన్న చోటనే పారుతుంది. మరే రంగు తగిలినా గట్టు తగిలిన కాలవ నీరులా అక్కడే ఆగిపోతుంది. పగటి చిత్రం పూర్తయ్యాక మీరు నింపాలనుకున్న చోట తెలుపు మిగలదు.

అందుచేత ప్రతి ఆరుబయటి తెరకూ రాత్రి ప్రతిని విడిగా తయారుచేసి, అసలు సంఖ్యకు 100 కలిపి భద్రపరచండి. చిత్రాల సంఖ్యలు 255 వరకు వెళ్తాయి కనుక చోటుకు లోటు లేదు. చిత్రాన్ని తెచ్చే లోడ్, దాన్ని గీసే డ్రా ఆదేశాలు రెండూ చిత్ర సంఖ్యను చరరాశి (వేరియబుల్) నుంచే తీసుకుంటాయి. కాబట్టి గదిలోకి కొత్తగా అడుగుపెట్టినప్పుడు, రాత్రి అయితే ఆ చరరాశికి 100 కలిపితే సరిపోతుంది.

రాత్రి ప్రతిలో రంగును ఎంచే ఆదేశాలను మాత్రమే మార్చండి, ఏది ముందు, ఏది వెనక అని నిర్ణయించే ప్రయారిటీ తెరకు సంబంధించిన వాటిని ముట్టుకోకండి. అవి చెదిరితే కథానాయకుడు గ్రాహం చెట్టు వెనక నడవవలసిన చోట చెట్టు ముందు నడుస్తాడు. ఇక్కడ నేను ఒక వారం పోగొట్టుకున్న చిక్కు ఒకటి ఉంది. పగటి చిత్రంలో తెల్లగా కనిపించే చోట్లు చాలావరకు అసలు రంగే నింపనివి. వాటికి మార్చడానికి ఆదేశమే లేదు కనుక అవి అర్ధరాత్రి కూడా తెల్లగా మెరుస్తూనే ఉంటాయి. అలాంటి చోట నింపే ఆదేశాన్ని మీరే కొత్తగా చేర్చాలి.

కాలం విషయానికి వస్తే, చక్రాలను లెక్కించడం మానేయండి. 11 నుంచి 14 వరకు ఉన్న చరరాశులలో ఇంజిన్ తానే సెకన్లు, నిమిషాలు, గంటలు, రోజులు లెక్కిస్తూ ఉంటుంది. నిమిషం మారినప్పుడల్లా మీ లెక్కను ఒకటి పెంచుకుంటే ఆట వేగంతో పని ఉండదు, చరరాశి 255 దగ్గర నిండిపోతుందన్న బెంగా ఉండదు.

కొబ్బరితోట:
పైవారు చెప్పిన పద్ధతి సరైనదే. అయితే ఏ రంగును ఏ రంగుగా మార్చాలన్నదే అసలు కష్టం, ఎందుకంటే మన చేతిలో ఉన్నవి 16 రంగులే. అన్నింటినీ ఒక మెట్టు ముదురు చేస్తే రాత్రి రాదు, మురికి పట్టిన పగలు వస్తుంది.

మొన్న సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్తూ ఈ సంగతే గమనించాను. ముందుగా చీకటి పడింది ఒడ్డు మీద. కొబ్బరి చెట్లన్నీ ఒకే నల్లని గీతగా కలిసిపోయిన తర్వాత కూడా గోదావరి మాత్రం ఆకాశంలోని వెలుగును చాలాసేపు పట్టుకునే ఉంది. ఒక నావలో దీపం వెలిగించారు. దాని పసుపు నీడ నీళ్లలో నిలువుగా, ముక్కలు ముక్కలుగా మా వైపు సాగింది.

మీ చిత్రాలలో కూడా ఆకులు నల్లగా, గడ్డి ముదురాకుపచ్చగా, మానులు ముదురు బూడిదగా మారనివ్వండి. ఆకాశాన్నీ నీటినీ మాత్రం ఒకే ముదురు నీలంలో ఉంచి, వాటి మధ్య నల్లని ఒడ్డును నిలపండి. కోట చుట్టూ ఉన్న అగడ్త అంచు తప్పనిసరిగా కనబడాలి, అందులో పడితే ప్రాణాంతకం గనుక. గ్రాహం రంగులను మార్చకండి. చీకట్లో ఆటగాడికి కనిపించవలసినవాడు అతనే.

వశిష్ఠ_ఒడ్డు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కట్టెలు కొట్టేవాడి ఇంటి తెరను మీరు చెప్పినట్లు మార్చి, కిటికీకి పసుపు పెట్టాను. ఆ ఇంట్లో మనుషులున్నారని మొదటిసారి అనిపించింది. అయితే రాత్రి జంతువులు కనబడకూడదని మేకను తీసేశాను. క్యారెట్ చూపించి మేకను వెంట తీసుకువెళ్తుండగా రాత్రి పడితే అది దారిలోనే మాయమైపోతోంది.

లంక_దీపం:
అది రంగుల లోపం కాదు, నియమాల లోపం. వంతెన దాటనివ్వని రాక్షసుడైన ట్రోల్‌ను తరిమేది ఆ మేకే. అది మాయమైతే ఆటగాడు తన నిధులలో ఒకటి ట్రోల్‌కు ఇచ్చుకోవలసి వస్తుంది, మార్కులు పోతాయి. రాత్రి అనేది ఆటగాడు సంపాదించుకున్న దానిని లాక్కోకూడదు. మేక వెంట వస్తున్నంతసేపు దానికి రాత్రి నియమం వర్తించకుండా ఒక ఫ్లాగ్ (అవును, కాదు అని గుర్తుంచుకునే గుర్తు) పెట్టండి. దొడ్లో ఉన్నప్పుడు మాత్రం పడుకోనివ్వండి.

ఇదే సంస్థ 1989లో తెచ్చిన హీరోస్ క్వెస్ట్‌ను ఒకసారి చూడండి. అందులో రాత్రి పడితే ఊరి ద్వారం మూసేస్తారు, దుకాణాలు కట్టేస్తారు. అయినా గోడ ఎక్కగలిగినవాడు లోపలికి రావచ్చు. మూసిన ప్రతి తలుపు పక్కనా మరో దారి ఉంచారు కాబట్టే అక్కడ రాత్రి కోసం ఎదురుచూడాలనిపిస్తుంది. మీరు కూడా 48 తెరలకూ రంగులు మార్చేముందు, రాత్రివేళ మాత్రమే చేయగలిగే పని ఒక్కటైనా నిర్ణయించుకోండి. అది జరిగే తెరను మొదట గీయండి. మిగిలిన 47 తెరలు ఎంత చీకటిగా ఉండాలో దానిని బట్టి తేలుతుంది.

వశిష్ఠ_ఒడ్డు:
ఫ్లాగ్ పెట్టాను, మేక ఇప్పుడు చీకట్లో కూడా వంతెన దాకా వస్తోంది. రాత్రి పనికి అగడ్త తెరను ఎంచుకున్నాను. ఒడ్డున నల్లని గీత గీసి, నీటిలో కోట దీపం నీడను ముక్కలు ముక్కలుగా దించుతున్నాను.